మీటింగుకు రానివాళ్లను కలుపుకుని కాలనీ బాగు చేసుకోవడం ఎలా

మా కాలనీ హైదరాబాద్‌లో నాగోల్ వైపు. మొత్తం 11 గల్లీలు. చివరి రెండు పల్లంలో ఉంటాయి, వాటి వెనకే నాలా. పై గల్లీల్లో సొంత ఇళ్లవాళ్లు, కింద గల్లీల్లో ఎక్కువగా అద్దెకున్నవాళ్లు. ఈ ఒక్క సంగతి మొదట్లోనే పట్టించుకుని ఉంటే ఇదంతా రాసే పని నాకు ఉండేది కాదు.

ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేశాను. ఎక్కువ కాలం 218లో, కోఠి నుంచి పటాన్‌చెరు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక కాలనీ సంఘానికి కార్యదర్శినయ్యాను. ఓ ఆదివారం పొద్దున పది గంటలకు మీటింగ్ పెడితే 22 మంది వచ్చారు. అందరూ మగవాళ్లే, అందరూ పై గల్లీలవాళ్లే, సగంమంది నాలాగే పెన్షన్‌దారులు. అందరిదీ ఒకటే మాట, సీసీ రోడ్డు కావాలని. తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, చెప్పులరిగేలా తిరిగి సాధించుకున్నాం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. పై గల్లీల్లో రోడ్డు అడుగు ఎత్తు లేచింది. కొబ్బరికాయ కొట్టింది నేనే, స్వీట్లు పంచిందీ నేనే.

తర్వాత 2020 అక్టోబరు 13 రాత్రి వాన పడింది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఆ రాత్రి గురించి చెప్పక్కర్లేదు. పై నుంచి నీళ్లు మా కొత్త రోడ్డు మీదుగా జారుడుబల్ల మీద జారినట్టు దిగాయి. 11వ గల్లీలో నడుము లోతు. పొద్దున్నే చూడ్డానికి వెళ్తే, ఇస్త్రీ బండి నడిపే ఆవిడ తడిసిన బట్టల మూటలు మెట్ల మీద ఆరేస్తూ నాతో అంది, "మీరు రోడ్డు ఏసుకున్నరు సార్, నీళ్లు మాకు తోలిన్రు."

నేనేం మాట్లాడలేదు. ఇంటికొచ్చి తీర్మానం పుస్తకం తీసి చూశాను. 22 సంతకాల్లో 11వ గల్లీది ఒక్కటీ లేదు.

మీటింగుతో మొదలుపెట్టకండి

కండక్టర్ తన సీట్లో కూర్చుని "టికెట్, టికెట్" అని అరిస్తే పక్కనున్న నలుగురే తీసుకుంటారు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడి దగ్గరికి మనమే వెళ్లాలి. కాలనీలోనూ అంతే. వాళ్లు ఎక్కడ నిలబడతారో అక్కడికి వెళ్లండి. పొద్దున పాల ప్యాకెట్ల దగ్గర, నల్లా వచ్చే వేళకు, స్కూల్ ఆటో ఆగేచోట, సాయంత్రం ఇస్త్రీ బండి దగ్గర, రాత్రి పదికి వాచ్‌మన్లు కుర్చీలు వేసుకున్నప్పుడు. అన్నిటికంటే మంచి చోటు ఆదివారం చికెన్ షాపు లైను. అందరూ వస్తారు, ఎవరికీ తొందర ఉండదు, కాసేపు కదిలే వీలు కూడా ఉండదు.

"మీకేం కావాలి" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే రెండే జవాబులు. ఒకటి రోడ్డు, రెండు "ఏముంది సార్, అంతా మంచిగనే ఉంది". నేను మూడు ప్రశ్నలు పట్టుకుని తిరిగాను.

చీకటి పడ్డాక ఏ దారి మానేస్తారు?

పిల్లల్ని ఎక్కడిదాకా ఒంటరిగా పంపిస్తారు, అక్కడే ఎందుకు ఆపేస్తారు?

వాన మొదలైతే ఇంట్లో ముందు ఏం ఎత్తిపెడతారు?

మూడో ప్రశ్న నాకు ఇంజనీరు రిపోర్టు కంటే ఎక్కువ చెప్పింది. బియ్యం డబ్బా అన్నవాళ్లింట్లోకి జానెడు నీళ్లు వస్తాయి. గ్యాస్ సిలిండర్, ఫ్రిజ్ అన్నవాళ్లింట్లో మోకాలి లోతు. "పిల్లల్ని పైకి పంపుతం" అన్నారంటే ఇక కొలవనక్కర్లేదు. పై గల్లీల్లో ఇదే ప్రశ్న అడిగితే "బయట ఆరేసిన బట్టలు" అన్నారు.

రాసుకునేటప్పుడు గల్లీ నంబరు చాలు, పేరు వద్దు. అద్దెకున్నవాళ్లకు ఓనరుకు తెలుస్తుందేమోనని భయం. ఆ భయం ఉత్తది కాదు. నల్లా గురించి ఫిర్యాదు చేసినందుకు ఇల్లు ఖాళీ చేయమన్న సంగతులు నాకు తెలుసు. ఇంకోటి, మా దగ్గర వాచ్‌మన్లు సగంమంది వేరే రాష్ట్రాలవాళ్లు, 10వ గల్లీలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. నా బస్సు హిందీ కొంత పనికొచ్చింది కానీ, ఆడవాళ్లతో మాట్లాడటానికి అక్కడి టైలరమ్మను తోడు తీసుకెళ్లాను. మొదటిరోజు ఆవిడ నా మాటలు అనువదించింది. రెండోరోజు నుంచి నన్ను పక్కన పెట్టి తనే అడిగేసింది, అదే నయమైంది.

వానలో ఒకసారి, చీకట్లో ఒకసారి నడవండి

ఎండగా ఉన్నప్పుడు కాలనీ తిరిగితే ఫొటోలు బాగా వస్తాయి, అంతకంటే లాభం లేదు. గట్టి వాన పడి తెరిపిచ్చిన అరగంటలో బయల్దేరండి. ఎనిమిదిమందికి మించితే అది ఊరేగింపు అవుతుంది. ఒక పొడుగు కర్రకు అడుగడుగుకీ రంగు టేపు చుట్టి పట్టుకెళ్లండి. నీళ్లు నిలిచిన ప్రతిచోటా కర్ర ముంచి లోతు రాసుకోండి, ఇంటివాళ్లను అడిగి గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టి తేదీ వేయండి. ముందు పిల్లల్ని నడవనివ్వండి. నీళ్లు ఏ మ్యాన్‌హోల్ దగ్గర సుడి తిరుగుతాయో, ఏది ఎదురు తంతుందో వాళ్లకే తెలుసు. అయితే మూత కనిపించని మురికినీళ్లలోకి ఎవర్నీ దిగనివ్వకండి, పిల్లల్నైతే అసలే వద్దు. కర్రతో తడిమి చూశాకే అడుగు వేయాలి.

చీకటి నడకకు ఆడవాళ్లు ముందు నడవాలి, మగవాళ్లు ఇరవై అడుగులు వెనక. మాటలు మగవాళ్లవైతే మళ్లీ మొదటికే వస్తుంది. మేం తొమ్మిది చీకటి మూలలు లెక్కపెట్టాం. కొత్త లైట్లు అడుగుదామనుకుంటుండగా ఓ ఇంటర్ చదివే అమ్మాయి తలెత్తి చూపించింది. తొమ్మిదిలో నాలుగుచోట్ల లైటు వెలుగుతూనే ఉంది, కొమ్మలు కప్పేశాయి. కొమ్మలు కొట్టించడానికి ఒక ఫోను చాలు.

ముగ్గుతో మ్యాపు

మా చిన్నమ్మాయి మాసాబ్ ట్యాంక్‌లో టౌన్ ప్లానింగ్ చదివింది. బ్రిటన్‌లో 1970ల్లో టోనీ గిబ్సన్ అనే ఆయన అట్టముక్కలతో బస్తీ మొత్తాన్ని బొమ్మలా చేయించి, ఎక్కడ ఏం కావాలో జనంతోనే చీటీలు పెట్టించేవాడని అది చెప్పింది. అట్టలతో చేయడానికి మాకు చేతకాలేదు. ముగ్గు వేయడం చేతకాని ఆడమనిషి మాత్రం మా కాలనీలో లేదు.

వరద వచ్చిన మరుసటి ఏడు బతుకమ్మ రోజుల్లో, ఆటకు అందరూ చేరకముందే గుడి ముందున్న ఖాళీస్థలంలో కల్లాపి చల్లి, ముగ్గుపిండితో కాలనీ మొత్తం గీయించాం. ఒక ఇంటికి ఒక అడుగు. ముందు అందరూ గుర్తుపట్టేవి పెట్టండి: గుడి, చికెన్ షాపు, ట్రాన్స్‌ఫార్మర్, వేపచెట్టు, నాలా. తర్వాత గల్లీలు. ఎవరింటి చోటులో వాళ్లు ఒక గులకరాయి పెట్టుకోవాలి. కొలతలు సరిగ్గా లేవని నసిగే రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన తప్పకుండా ఉంటాడు. ఆయనకు టేపు ఇచ్చి నాలా వెడల్పు కొలిచి రమ్మని పంపండి. నిజంగానే ఆ కొలత తర్వాత పనికొస్తుంది.

ఒక్కొక్కరికి ఐదు గింజలు. పై గల్లీలకు చింతపిక్కలు, కింద గల్లీలకు సీతాఫలం గింజలు. అవి ఆ రోజుల్లో ఇంటింటా దొరుకుతాయి. సాయంత్రం ఆరు దాటాక రెండూ నల్లగానే కనిపించి లెక్కపెట్టేటప్పుడు తల ప్రాణం తోకకొచ్చింది. మీరు చింతపిక్కలు, మొక్కజొన్న గింజలు వాడండి.

పద్ధతులు మూడే. గింజ పెట్టినంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఎవరూ ఎవరి గింజా కదపకూడదు. సొంత ఇంటి ముందు ఒకటికి మించి పెట్టకూడదు. ఈ మూడోది మధ్యలో పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఒక పెద్దమనిషి ఐదూ తన గేటు ముందే పోసేసి చేతులు దులుపుకున్నాడు.

మాట్లాడకూడదన్న నియమమే అసలైనది. మీటింగులో గొంతున్నవాడిది రాజ్యం. ముగ్గు దగ్గర వంగి గింజ పెట్టడానికి గొంతు అక్కర్లేదు. కొత్త కోడళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, పదేళ్ల పిల్లలు, అందరూ వంగారు. ఇరవై నిమిషాలకు ముగ్గు మీద మూడుచోట్ల కుప్పలు పడ్డాయి. రోడ్డు మీద దాదాపు ఏమీ లేవు. మొదటి కుప్ప 11వ గల్లీ చివర, నాలా దగ్గర. రెండోది కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్ మలుపులో, స్కూల్ ఆటోలు ఆగేది అక్కడే. మూడో కుప్ప పార్కు గేటు మీద. నాకు అర్థంకాక, అక్కడ గింజ పెట్టిన ఓ అమ్మాయిని అడిగాను.

"ఆరింటికి తాళమేస్తరు కదా తాతా. మేం స్కూలు, ట్యూషను అయి వచ్చేసరికి ఆరున్నర."

పోకిరీలు వస్తున్నారని మా సంఘమే వేయించిన తాళం అది. తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది.

చెరిపేసేముందు మేడ మీది నుంచి ఫొటో తీసుకోండి, అదేరాత్రి చార్టు మీదకు ఎక్కించండి. పొద్దున్నకల్లా చీమలు, కుక్కలు, స్వచ్ఛ ఆటో కలిసి మ్యాపు మాయం చేస్తాయి.

ఏ పని ఎవరిది

గింజల కుప్పల్ని మూడు కాగితాల మీదకు విడదీయండి. మనమే చేసుకునేవి, మనం తలో చెయ్యి వేస్తే సర్కారు ఆఫీసు చేసేవి, ఆఫీసే చేయాల్సినవి. పార్కు తాళం మొదటి కాగితం. ఆ రాత్రే తొమ్మిదింటిదాకా తెరిచి ఉంచాలని తేల్చేశాం, తాళంచెవి ఇప్పుడు టైలరమ్మ దగ్గర ఉంటుంది. ముందు ఇలాంటిది ఒకటి వెంటనే చేసి చూపించకపోతే రెండోసారి ఎవరూ వంగి గింజ పెట్టరు.

ఆఫీసు పనుల్లో సగం ఆలస్యం తప్పు గుమ్మం తొక్కడం వల్లే. వాననీటి కాలువ, నాలా, రోడ్డు, వీధిలైటు, చెత్త, పార్కు కార్పొరేషన్‌వి, మాకప్పుడు జీహెచ్‌ఎంసీ, ఫోను 040-21111111. డ్రైనేజీ పొంగినా, నల్లాలో మురికినీళ్లు వచ్చినా జలమండలి, 155313. ట్రాన్స్‌ఫార్మర్, వేలాడే తీగలు కరెంటువాళ్లవి, 1912. వాననీళ్లూ డ్రైనేజీ నీళ్లూ ఒకే మూత నుంచి పొంగితే ఇద్దరూ "మాది కాదు" అంటారు. అలాంటప్పుడు రెండుచోట్లా ఫిర్యాదు చేసి, ఒకరి ఫిర్యాదు నంబరు ఇంకొకరి కాగితంలో రాయండి. వార్డుల హద్దులు మారుతుంటాయి కాబట్టి మీ ఇల్లు ఇప్పుడు ఏ వార్డులో ఉందో ముందు చూసుకోండి.

పొదుపు సంఘాల ఆడవాళ్లను కలుపుకోవాలంటే కార్పొరేషన్‌లో యూసీడీ విభాగం ఉంది, అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అంటారు. ఈ ఊళ్లో అది 1967లో మొదలైంది, యూనిసెఫ్ తోడ్పడింది. బస్తీవాళ్లతో కూర్చుని వాళ్లేం చేసుకోగలరో, ఆఫీసు ఏం చేయాలో తేల్చుకునే పద్ధతి మనకు అప్పటి నుంచే ఉంది. నేను బస్సెక్కకముందు సంగతి. మనం కొత్తగా ఏదో కనిపెట్టామని మురిసిపోకుండా ఉంటానికి చెబుతున్నాను.

కాగితం

సంఘం రిజిస్టర్ కాకపోతే చేయించండి. సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు ఉంటే చాలు. బైలాలో, అంటే సంఘం నియమాల కాగితంలో, "ఇంటి యజమాని" అని ఉన్నచోటల్లా "నివాసి" అని రాయించండి. మా పాత బైలాలో ఆ ఒక్క మాట వల్లే కింద గల్లీలవాళ్లు సభ్యులు కాలేకపోయారు. దాన్ని మార్చడానికి జరిగిన గొడవ చెబితే ఇంకో వ్యాసమవుతుంది, ఓడిపోయినవాళ్లలో మా బావమరిది కూడా ఉన్నాడు కాబట్టి వదిలేస్తున్నాను.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఒక అర్జీలో ఒకటే పని. "తగు చర్య తీసుకోగలరు" అని ముగించకుండా కొలతలు పెట్టండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని అడుగులు, నీళ్లు ఎంత లోతు, ఏ తేదీన. గోడ మీద సుద్దగీత ఫొటో, ముగ్గు మ్యాపు ఫొటో జతచేయండి. సంతకాల్లో ఆ గల్లీవాళ్లవి ముందు ఉండాలి, సంఘం పెద్దలవి చివర. సోమవారం ఆఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, మన కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని అర్జీ టికెట్ లేని ప్రయాణం లాంటిది, చెకింగ్ వచ్చినరోజు తెలుస్తుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, లెక్కలు చలికాలంలోనే వేసుకుంటారు. కాబట్టి దసరా, దీపావళి మధ్య కాగితం వెళ్లేలా చూసుకోండి. మార్చిలో వెళ్తే మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిస్తారు.

పని శాంక్షన్ అయ్యాక సంబరపడి ఊరుకోకండి. టెండరుకు ముందే ఎస్టిమేట్ కాపీ అడగండి. నోటిమాటతో ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉండనే ఉంది. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. మా నాలా వైపు పైపుకు మొదటి ఎస్టిమేట్‌లో 300 మిల్లీమీటర్లే రాశారు. సుద్దగీతల ఫొటోలు, కర్రతో తీసిన లోతులు ముందు పెడితే, ఆ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు మంచివాడు, తనే మళ్లీ వచ్చి చూసుకుని 600 చేశాడు. ఆఫీసులవాళ్లు అడ్డం పడతారనే అందరూ అంటారు కానీ, అంకెలు చేతిలో పెడితే సంతోషించేవాళ్లు కూడా ఉంటారు. పైవాళ్లకు చూపించడానికి వాళ్లకూ ఏదో ఒకటి కావాలి కదా.

రోడ్డు పనైతే ఒకటే మాట పట్టుకోండి: పాతది తవ్వి తీసి, అదే మట్టానికి కొత్తది. అది ఎస్టిమేట్‌లో ఉందో లేదో చూడండి.

రాజ్యాంగ 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని అందులో ఉంది. మీ వార్డులో కమిటీ ఉంటే, అది ఎప్పుడు కూర్చుంటుందో అడిగి ముగ్గు మ్యాపు పట్టుకుని వెళ్లండి. లేకపోతే దాని కోసం ఆగకండి.

పని నడుస్తుంటే

కాంట్రాక్టరుతో గొడవకు పదిమంది వద్దు. ముగ్గురు చాలు, ఒకరు తప్పకుండా నీళ్లు వచ్చే ఇంటివాళ్లు కావాలి. వాళ్ల చేతికి లెవల్ పైపు ఇవ్వండి. మేస్త్రీలు వాడేదే, ముప్పై అడుగుల తెల్ల ప్లాస్టిక్ పైపు. గాలిబుడగ లేకుండా నీళ్లు నింపి, ఇద్దరు చెరో చివర గోడకు ఆనించి పట్టుకోవాలి. రెండువైపులా నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడ గీత పెట్టి, గీత నుంచి కింద రోడ్డు దాకా టేపుతో కొలవండి. ఎక్కువ కొలత వచ్చినవైపు పల్లం. పైపు అందనిచోట, పెట్టిన గీత దగ్గరి నుంచే మళ్లీ మొదలుపెట్టి ముందుకు వెళ్లడమే. మా 9వ గల్లీ మూలన 3 అడుగుల 2 అంగుళాలు, 11వ గల్లీ గేటు దగ్గర 4 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. అడుగున్నరకు పైగా పల్లం. పై గల్లీ పెద్దలు "అంత తేడా ఏం లేదులే" అని నాలుగేళ్లుగా అంటున్న మాట ఆ పూటతో ఆగింది.

కాంక్రీటు పోశాక గోనెపట్టాలు పరిచి రోజూ తడపాలి. తడపడం మానేస్తే రెండో ఏడు నుంచే పెచ్చులు లేస్తాయి. ఈ పని పిల్లలకు అప్పజెప్పాం. కాంట్రాక్టరు మనుషులు రాని రోజు వాట్సాప్ గ్రూపులో పొడి పట్టా ఫొటో పెడితే చాలు, మధ్యాహ్నానికి ట్యాంకరు వచ్చేది.

గుడ్‌మార్నింగ్ పూలబొమ్మలు నిషేధించకపోతే గ్రూపు వారంలో చచ్చిపోతుందని కూడా చెప్పాలి. మేం నిషేధించాం. నన్నే ఒకసారి తీసేశారు.

ఇప్పుడు మా నెలవారీ మీటింగ్ ఆదివారం పది గంటలకు కాదు. శనివారం రాత్రి ఎనిమిదింటికి, 11వ గల్లీలో ఇస్త్రీ బండి ముందు. ఎజెండా ఆవిడే చెబుతుంది, ఇంటర్ అమ్మాయి రాస్తుంది. పై గల్లీలవాళ్లు దోమలు కుడుతున్నాయని గొణుగుతూ వస్తారు. పోయినసారి ఎజెండాలో మొదటి అంశం దోమలే.